ఊపిరితిత్తులకు ప్రేగులతో పనేమిటి?

ఆయాసంగా ఉందని మీరు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళారనుకోండి. ఆయన గుండెమీద గొట్టం పెట్టి చూస్తారు, వీపుమీద వేళ్ళతో తట్టి చూస్తారు, ఎక్స్‌రే తీయించుకు రమ్మంటారు. ఇవన్నీ మీకు తెలిసినవే. అలాకాక, "విరేచనం సరిగ్గా అవుతోందా?" అని మొదలుపెడితే మీకేమనిపిస్తుంది? నేను చెప్పింది ఈయనకు వినబడలేదు కాబోలు అనుకుంటారు.

కాని చైనా దేశపు సంప్రదాయ వైద్యుడి ముందు కూర్చుంటే మీరు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాల్సిందే. ఆయన లెక్కలో ఊపిరితిత్తులు, పెద్దప్రేగు ఒకే కాపురం చేస్తున్న జంట. ఒకరికి సుస్తీ చేస్తే రెండోవారిని కూడా పలకరించి తీరాలి.

ఆ మాటకొస్తే మన ఇళ్ళలో మాత్రం? పసివాడికి రొమ్ము పడిశం పట్టి గురగురమంటుంటే బామ్మగారి చెయ్యి ముందు ఆముదం సీసా మీదికే పోతుంది. "దగ్గుకీ ఆముదానికీ సంబంధం ఏమిటత్తయ్యా?" అని చదువుకున్న కోడలు అడ్డుపడుతుంది. ఇద్దరిలో ఎవరిది నిజం?

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఆ కొంత ఎంతో తెలుసుకోకపోతేనే ప్రమాదం.

రెండు వేల ఏళ్ళ నాటి మాట

చైనా వైద్యానికి మూలగ్రంథమనదగిన 'హువాంగ్ దీ నెయ్ జింగ్' సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది. శరీరంలోని అవయవాలను అది జంటలుగా చెబుతుంది. గుండెకు చిన్నప్రేగు జత, మూత్రపిండాలకు మూత్రాశయం జత, ఊపిరితిత్తులకు పెద్దప్రేగు జత. ఊపిరితిత్తులు ప్రాణశక్తిని కిందికి దింపుతాయనీ, ఆ ఊపుతోనే పెద్దప్రేగు మలాన్ని బయటికి నెడుతుందనీ వారి భావన. కింద దారి మూసుకుపోతే పైనుంచి దిగవలసినది ఎదురుతన్నుతుంది. అదే దగ్గు, అదే ఆయాసం అంటారు.

ఈ భావనను మందుల రూపంలో పెట్టిన వైద్యుల్లో మొదట చెప్పుకోవలసినవాడు జాంగ్ జోంగ్‌జింగ్. క్రీస్తుశకం 2వ శతాబ్ది చివర, 3వ శతాబ్ది మొదట్లో జీవించాడు. రెండు వందల మందికి పైగా ఉన్న తన వంశంలో పదేళ్ళు తిరక్కుండానే మూడింట రెండువంతుల మంది పోయారనీ, వారిలో పదింట ఏడుగురు జ్వరాలతోనే పోయారనీ ఆయన తన గ్రంథం ముందుమాటలో చెప్పుకున్నాడు. వైద్యం మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకు కలిగిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తీవ్రమైన జ్వరంతో కడుపు ఉబ్బి, విరేచనం బిగిసిపోయి, రోగి ఎగశ్వాస పీలుస్తుంటే ఆయన ఇచ్చిన కషాయం పేరు 'దా చెంగ్ చి తాంగ్'. అందులో నాలుగే సరుకులు: రేవల్చిన్ని వేరు, మాగ్నోలియా చెట్టు బెరడు, చేదునారింజ లేతకాయలు, విరేచనాలు చేయించే ఒక ఉప్పు. రేవల్చిన్ని మన పచారీ కొట్లకు కొత్తదేమీ కాదు. పేరులోనే 'చీనీ' ఉంది చూశారా! చైనా నుంచి పారశీకుల నోట పడి మనదాకా వచ్చిన పేరు అది.

ఆ తరువాత పదహారు వందల ఏళ్ళకు, 1798 ప్రాంతంలో, వూ జూతోంగ్ అనే మరో వైద్యుడు విషజ్వరాల మీద పుస్తకం రాస్తూ 'షువాన్ బాయ్ చెంగ్ చి తాంగ్' అనే కషాయాన్ని చేర్చాడు. గొంతులో కఫం కొట్టుకుంటూ, ఆయాసపడుతూ, విరేచనం కూడా కాని రోగికి ఇది. రేవల్చిన్ని కింది దారి తెరవడానికి. జిప్సం రాయి, ఆప్రికాట్ గింజల పొడి, ఒక జాతి అడవి పొట్లకాయ తొక్క పైన ఊపిరితిత్తుల వేడినీ కఫాన్నీ అణచడానికి. అంటే ఒకే గిన్నెలో ఇద్దరికీ మందు కాచాడన్నమాట.

మన ఆయుర్వేదం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. శ్వాసరోగం పుట్టేచోటు రొమ్ము కాదు, దానికి కిందనున్న పిత్తస్థానం అన్నది చరకసంహిత. ఉబ్బసపు ఆయాసానికి విరేచనం చేయించమన్నది. కనుక బామ్మగారి ఆముదం సీసా వెనుక చాలా పెద్ద చరిత్రే ఉంది.

ఊపిరితిత్తి దెబ్బతినడమంటే...

ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ చిన్న చిన్న గాలిసంచులుంటాయి. వాటన్నిటి గోడలనూ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు ఇంటి నేలంత అవుతుంది. ఆ గోడలు ఎంత పలుచన అంటే, ఒకవైపు గాలి, మరొకవైపు నెత్తురు, మధ్యనుంచి ప్రాణవాయువు ఇట్టే దాటిపోతుంది.

నెమ్ము ముదిరినా, నెత్తురులో చీము విషం పాకినా, క్లోమగ్రంథి వాచినా, నీట మునిగినా, వాంతి ఊపిరితిత్తుల్లోకి జారినా, గడ్డిమందు లోపలికి పోయినా ఈ గోడలు దెబ్బతింటాయి. జల్లెడలా కారిపోతాయి. గాలి ఉండవలసిన సంచుల్లో నీరు నిండుతుంది. రోగి గాలిలోనే ఉండి మునిగిపోతున్నవాడిలా కొట్టుకుంటాడు. 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు ఇలాంటి 12 మంది రోగుల కథను ప్రకటించిన తరువాత దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించడం మొదలైంది. 2020, 2021లలో కరోనా వచ్చినప్పుడు మన ఊళ్ళలో ఎన్ని కుటుంబాలు దీన్ని కళ్ళారా చూశాయో మీకు చెప్పనక్కరలేదు.

ఈ స్థితిలో ప్రాణం నిలిపేవి ముఖ్యంగా ఆక్సిజన్, శ్వాసయంత్రం, ఓపికైన నర్సింగు, మూలకారణానికి సరైన మందు. యంత్రంతో గాలిని తక్కువ తక్కువగా పంపితే మేలని 2000లోనూ, రోగిని రోజులో ఎక్కువ గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు తగ్గుతాయని 2013లోనూ పెద్ద పరీక్షల్లో తేలింది. కొందరికి స్టీరాయిడ్ మందులు ఉపకరిస్తాయి. ఇవేవీ ఇంట్లో జరిగే పనులు కావు. ఈ మాట గుర్తుంచుకొని ముందుకు చదవండి.

నేటి శాస్త్రం ఏమంటుంది?

రొమ్ముకూ ప్రేగుకూ నిజంగా చుట్టరికం ఉందా? ఉంది. పుట్టుకతో వచ్చిన చుట్టరికమే. తల్లి కడుపులో పిండం నాలుగో వారంలో ఉండగా, ముందుప్రేగు గోడనుంచి చిన్న మొటిమలాగా ఊపిరితిత్తి మొలుస్తుంది. అంటే రెండూ ఒకే గొట్టం బిడ్డలు.

రెండవది ఇరుగుపొరుగు సంబంధం. రెంటికీ మధ్య ఉన్నది ఉదరవితానం అనే కండరపు పొర ఒక్కటే. జబ్బు తీవ్రమై ప్రేగులు కదలిక మానేస్తే కడుపు ఉబ్బి ఆ పొరను పైకి నెడుతుంది. ఊపిరితిత్తులకు విప్పుకోవడానికి చోటు తగ్గుతుంది. జోంగ్‌జింగ్ చూసిన 'కడుపు ఉబ్బి ఆయాసపడే రోగి' కట్టుకథ కాడు.

మూడవది రాకపోకల సంబంధం. ప్రేగులనుంచి బయలుదేరిన శోషరసం రొమ్ములోని పెద్ద నాళంగుండా మెడ దగ్గర నెత్తురులో కలుస్తుంది. అక్కడినుంచి గుండె కుడివైపుకు, ఆపైన సూటిగా ఊపిరితిత్తులకు. ప్రేగు గోడ దెబ్బతిని అందులోని విషపదార్థాలు జారితే, ఆ దారిన పోయేవాటికి మొదట తగిలే జల్లెడ ఊపిరితిత్తే. ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో, ఉండకూడని ప్రేగు సూక్ష్మజీవుల జాడ కనిపించిందని 2016లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు.

నాలుగవది అన్నిటికంటె ఆసక్తికరమైనది. మన పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మనం తిన్న కూరలోని పీచు మనకు అరగదు; వాటికి అరుగుతుంది. అవి దాన్ని పులియబెట్టి కొన్ని చిన్న ఆమ్లాలను తయారుచేస్తాయి. అవి నెత్తురులో కలిసి, రోగాలతో పోరాడే తెల్లకణాలకు ఎంత ఆవేశపడాలో, ఎక్కడ ఆగాలో నేర్పుతాయి. పీచు ఎక్కువగా తిన్న ఎలుకలకు ఊపిరితిత్తుల్లో ఎలర్జీ వాపు తక్కువగా వచ్చిందని 2014లో ఒక పరిశోధన తేల్చింది. యాంటీబయాటిక్ మందులతో ప్రేగు జీవులను తుడిచిపెట్టిన ఎలుకలు నెమ్ముకు తేలిగ్గా లొంగిపోయాయని 2016లో మరొకటి చెప్పింది. ఎలుకలు మనుషులు కావు, నిజమే. అయినా అవి చూపిన దారి నమ్మదగినదిగానే ఉంది.

మరి ఆ కషాయాలు పనిచేస్తాయా?

చైనావారు ఊరుకోలేదు. పాత కషాయాలను ఆసుపత్రి మంచం దగ్గరకే తెచ్చారు. తియాన్‌జిన్ నగరంలో వూ షియాన్‌జోంగ్ అనే శస్త్రవైద్యుడు ప్రేగులు బిగుసుకున్న రోగులకు రేవల్చిన్ని కషాయాలను ఆధునిక చికిత్సతో కలిపి వాడి పేరుపొందారు. అదే నగరంలో వాంగ్ జిందా అనే వైద్యుడు కుసుమపువ్వు, ఎర్ర పియోనీ వేరు, మరి మూడు మూలికల సారంతో ఒక మందు రూపొందించారు. దాని పేరు 'షుయెబిజింగ్'. 2004లో చైనా ప్రభుత్వం దాన్ని అనుమతించింది.

ఈ మందును తీవ్రమైన నెమ్ముతో ఉన్న 710 మందిలో పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 28 రోజుల్లో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 24.6 మంది పోగా, దానితోపాటు ఈ మందు కూడా పొందినవారిలో 15.9 మంది పోయారు. నెత్తురులో విషం పాకిన 1,817 మందిపై జరిగిన మరో పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. అక్కడ 26.1కి బదులు 18.8.

ఇవి తీసిపారేయదగిన అంకెలు కావు. కాని రెండు సంగతులు గమనించండి. ఇది ఇంట్లో కాచుకునే కషాయం కాదు. నరంలోకి ఎక్కించే మందు. రోగులందరికీ యాంటీబయాటిక్‌లు, కావలసినవారికి ఆక్సిజన్, శ్వాసయంత్రం అందుతుండగా, దానికి పైన ఇచ్చినది. వాటికి బదులుగా ఇచ్చినది కాదు. రెండవది, ఈ పరీక్షలు రెండూ చైనాలోనే జరిగాయి. వేరే దేశాల వైద్యులు కూడా చేసిచూసి అవునంటేగాని లోకం పూర్తిగా నమ్మదు. అలా నమ్మకపోవడమే మంచిది.

మూలిక గదా, ఏం చేస్తుంది?

"ఆకులూ వేళ్ళే కదండీ, మంచి చేయకపోతే మానె, చెడు అయితే చేయవు కదా!" అనేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారికి మూడు సంగతులు చెప్పండి.

జపానులో పాత చైనా కషాయం ఒకటి 'షో-సైకో-తో' అనే పేరుతో కాలేయపు జబ్బుకు విస్తారంగా వాడేవారు. దాన్ని వాడినవారిలో కొందరికి ఊపిరితిత్తులే వాచిపోయాయి. 10 మంది మరణించిన సంగతి బయటపడి, 1996లో ఆ దేశ ప్రభుత్వం గట్టి హెచ్చరిక చేయవలసి వచ్చింది.

బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల గుళికల వల్ల ఆడవాళ్ళకు మూత్రపిండాలు పాడైన సంగతిని 1993లో అక్కడి వైద్యులు వెల్లడించారు. ఒక మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక కలవడమే కారణం. ఆ విషపు మూలిక అరిస్టోలోకియా జాతిది. మనదగ్గర ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అని పిలిచేవి కూడా ఆ జాతివే. అవి కడుపులోకి పుచ్చుకోదగినవి కావు.

ఇక ఎఫెడ్రా అనే చైనా మూలిక. ఉబ్బసానికి వాడిన ఎఫెడ్రిన్ మందు అందులోనుంచే వచ్చింది. 1885లో జపాను శాస్త్రవేత్త నగాయి దాన్ని వేరుచేశాడు. ఎంత మంచి మందో అంత పదునైనది. నెత్తురుపోటు పెంచుతుంది, గుండెను దౌడు తీయిస్తుంది. 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రా కలిసిన బలవర్ధక గుళికల అమ్మకాన్ని నిషేధించింది.

మీ ఇంటి సంగతి

చైనా దాకా వెళ్ళివచ్చాం. ఇప్పుడు మీ వంటింట్లోకి వద్దాం.

పసిపిల్లలకు ఆముదం పట్టకండి. ముక్కు మూసి, నోరు తెరిపించి బలవంతాన పోసిన నూనె గొంతు దాటి గాలిగొట్టంలోకి జారుతుంది. ఊపిరితిత్తిలో చేరిన నూనె సులభంగా బయటికి రాదు. అక్కడే ఉండి నెమ్మును తెస్తుంది. రొమ్ము శుభ్రం కావాలని పోసిన నూనె రొమ్ములోనే చేరుతుందన్నమాట. ఇలాంటి పిల్లలను మన దేశపు వైద్యులు ఎందరినో చూశారు.

పెద్దవాళ్ళ విషయం. ఆయాసపు మనిషికి మలబద్ధకం నిజంగానే శత్రువు. ముక్కితే ఆయాసం పెరుగుతుంది, కడుపు ఉబ్బితే ఊపిరి ఆడదు. కాని దానికి భేదిమందు విరుగుడు కాదు. సునాముఖి, రేవల్చిన్ని వంటివి రోజుల తరబడి మింగితే నీళ్ళతోపాటు పొటాషియం అనే లవణం బయటికి పోతుంది. ఉబ్బసానికి పీల్చే మందులు, స్టీరాయిడ్లు కూడా దాన్ని కొంత తగ్గిస్తాయి. దగ్గుకు మంచిదని చప్పరించే అతిమధురం సైతం ఎక్కువైతే దాన్ని తగ్గించి, నెత్తురుపోటు పెంచుతుంది. మూడూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. మూత్రం బిళ్ళలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, వాంతులు ఉన్నప్పుడు, గర్భిణీగా ఉన్నప్పుడు డాక్టరును అడక్కుండా విరేచనపు మందు వేసుకోనేకూడదు.

సుఖవిరేచనానికి దారి పళ్ళెంలో ఉంది. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తెల్లని పాలిష్ బియ్యం, చారు, అప్పడంతో అది రాదు. వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టె, రాగిసంకటి, ముడిబియ్యం. రోజూ ఏదో ఒక ఆకుకూర. చిక్కుడు, గోరుచిక్కుడు, పొట్టుతీయని పెసలు, శనగలు. ఒక జామకాయో అరటిపండో. దాహానికి సరిపడా నీళ్ళు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది కనుక మెల్లమెల్లగా పెంచండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు నీళ్ళ కొలత డాక్టరును అడగాలి.

మామూలు జలుబుకు మందుల కొట్లో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోకండి. వైరస్ జలుబును అది తగ్గించదు. ప్రేగుల్లోని మీ మిత్రులను మాత్రం చంపుతుంది. డాక్టరు రాసినప్పుడు మానకుండా వాడండి.

ఏ కషాయం పుచ్చుకుంటున్నా, ఏ గుళికలు మింగుతున్నా డాక్టరుకు దాచకండి. "ఏమంటారో" అని మొహమాటపడి దాచినవారే ఎక్కువ నష్టపోతారు.

ఎప్పుడు పరుగెత్తాలి?

గడియారం చేతబట్టుకొని రోగి పొట్ట, రొమ్ము లేచిపడడం ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 30 దాటితే ప్రమాదం. రెండు నెలలలోపు పసివారిలో 60, రెండు నెలలనుంచి ఏడాదిలోపు 50, ఏడాదినుంచి ఐదేళ్ళలోపు 40, లేక అంతకుమించి ఉంటే నెమ్ము అని అనుమానించాలి.

బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెద్దవారు మాట పూర్తిచేయలేక మధ్యలో ఆగిపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, మనిషి మత్తుగా, తికమకగా ఉన్నా, వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ 94 కంటె తగ్గినా ఇక కషాయాల మాట ఎత్తవద్దు. వెంటనే 108కు ఫోను చేయండి, లేదా దొరికిన బండి ఎక్కించండి. 90 కంటె తగ్గితే ప్రతి నిమిషమూ విలువైనదే. ముందునుంచే ఉబ్బసం, దీర్ఘకాలపు దగ్గు ఉన్నవారి అంకెలు వేరుగా ఉండవచ్చు. వారికి ఎంత ఉండాలో డాక్టరుచేత ముందే చీటీమీద రాయించుకోండి.

రొమ్ముకూ ప్రేగుకూ చుట్టరికం ఉందన్న చైనా వైద్యుడి మాట నిజమే. బామ్మగారి అనుమానమూ నిజమే. అయితే ఆ చుట్టరికాన్ని నిలుపుకోవలసింది ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, అన్నం పళ్ళెం దగ్గర. ఊపిరి అందని రోజున కాదు. ఆ రోజు ఆముదం సీసా వెతుకుతూ పోగొట్టుకున్న గంట మళ్ళీ రాదు.

కనుక అత్తగారు ఆకుకూర బుట్ట ముందు కూర్చోవాలి, కోడలు గడియారం చేత పట్టుకోవాలి. ఇద్దరూ ఒక్కమాట మీద ఉంటే ఆ ఇంటికి సగం జబ్బులు దూరమే.